పింగ్ పచ్చ, టైమ్ తప్పు

సీఎన్ సబ్జెక్టులో ఎస్‌ఎన్‌ఎంపీ అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే: పోర్ట్ 161, ట్రాప్‌కి 162. రెండు మార్కుల ప్రశ్న. మా ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి తెల్లారకముందే బయల్దేరేవాళ్ళ కూలికి దీనితో పని ఉంటుందని నాకు మూడో ఏడాదిలో తెలిసింది.

నాన్న పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఆరింటి షిఫ్టు. గేటు మీద ఎర్ర అంకెల గడియారం, లోపల పంచింగ్ మిషన్. గేటు దగ్గర 5:58 కనిపిస్తే మిషన్‌లో 6:03 పడుతుంది. లేటు పడితే సగం రోజు కట్. "రెండూ నడుస్తనే ఉన్నయి గదరా, ఏది నమ్మాలె?" అన్నాడొక రాత్రి.

తిరకాసంతా ఆ 'నడుస్తనే' దగ్గరే ఉంది. నెట్‌వర్క్ గడియారం ఎన్‌టీపీ సర్వర్‌ని అడిగి టైమ్ సరిచేసుకుంటుంది. ఆ దారి తెగితే ఆగిపోదు, లోపలి క్వార్ట్జ్ మీద తన పాటికి తాను నడుస్తుంది. క్వార్ట్జ్ పది లక్షల సెకన్లకి 20 సెకన్లు తప్పుతుందనుకోండి. రోజుకి 1.7 సెకన్లు. ఆరు నెలల్లో ఐదు నిమిషాలు.

పింగ్ కొడితే మాత్రం జవాబిస్తుంది. సిస్‌అప్‌టైమ్ అడిగినా ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్ మొదలై ఎంతసేపైందో చెబుతుందంతే. (అదీ 497 రోజులకి మళ్ళీ సున్నా అవుతుంది, 32 బిట్లే కదా. రీబూటైందని కంగారుపడకండి.) అడగాల్సింది వేరు: చివరి సింక్ ఎప్పుడు, ఆఫ్‌సెట్ ఎంత. ట్రాప్ వస్తుందిలే అని కూర్చుంటే లాభం లేదు. కేబుల్ ఊడిన గడియారం ట్రాప్ ఎలా పంపుతుంది? మనమే పోయి అడగాలి.

మినీ ప్రాజెక్టుకి రాస్ప్‌బెర్రీ పైకి డిస్‌ప్లే తగిలించి ఒక గడియారం చేశాం. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీలో ఎక్స్‌టెండ్ లైను పెట్టి క్రోనీ చూపించే ఆఫ్‌సెట్‌ని, చివరి సింక్‌ని బయటికి తెచ్చాం. తర్వాత ఫైర్‌వాల్‌లో 123 పోర్ట్ మూసేశాం. పింగ్ రోజంతా పచ్చగానే ఉంది. మా స్క్రిప్టు మాత్రం చివరి సింక్‌కి గంట దాటగానే ఎర్రబడింది.

నాన్నకి చూపించాను. "మా గేటు గడియారానికి పెట్టరాదు?" అన్నాడు. అది కంపెనీ నెట్‌వర్క్, మనం ముట్టుకోలేమని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి ఆ మిషన్‌ది కరెక్టేనని ఎవరన్నరు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు రోజూ జేబు డైరీలో మూడు టైములు రాసుకుంటున్నాడు: గేటు, మిషన్, ఫోన్. పందొమ్మిది రోజులవి అయ్యాయి. ఈ నెల కట్ లెక్క రాగానే కాంట్రాక్టరు ముందు పెడతాడట.