విజయాపత్రమూ అర్థపురుషార్థమూ

అర్థశాస్త్రంలో అధ్యక్షప్రచారమనే ద్వితీయాధికరణం ఉంది. అందులో కౌటిల్యుడు సురాధ్యక్షుని కోసం ఒక ప్రత్యేక ప్రకరణాన్నే కేటాయించాడు. మద్యాన్ని ఎవరు తయారు చేయాలి, ఎక్కడ విక్రయించాలి, పానశాలలో శయ్యాసనాలు ఎట్లుండాలి అన్న విషయాలతో అది ఆగదు. త్రాగి ఒడలు మరచినవాని ఆభరణాలు పోతే ఆ నష్టాన్ని విక్రేతయే భరించి, అంతే మొత్తాన్ని దండుగగా కూడా చెల్లించాలని శాసిస్తుంది. అనకాపల్లిలో సంస్కృతోపన్యాసకునిగా పనిచేసిన కాలంలో ఈ భాగాన్ని అనేక పర్యాయాలు పాఠంగా చెప్పాను. విద్యార్థులు నవ్వేవారు, నేనూ నవ్వేవాడిని. అయితే ఇటీవల ఇద్దరు వ్యక్తులు, ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేనివారు, నన్ను ఆ ప్రకరణం వద్దకు మళ్ళీ తీసుకువెళ్ళారు.

మొదటివాడు నా పూర్వవిద్యార్థి. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం. గంజాయి వ్యాపారం చేసే ఒక సంస్థలో వాటాలు కొనదలచి, "మాస్టారూ, ఇక్కడ ఇది చట్టసమ్మతం. ఇందులో ధనం పెడితే అధర్మమవుతుందా?" అని అడిగాడు. రెండవ వ్యక్తి మా వీధిలో నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఒక గిరిజన స్త్రీ. ఆమె అక్క కొడుకు, ఇరవై యేళ్ళవాడు, పాడేరు వైపు నుండి ఒక మూట మోసుకు వస్తూ పట్టుబడ్డాడు. కూలి కోసం మోశాడు. ఆ మూట బరువు ఇరవై కిలోలు దాటింది. జామీను దరఖాస్తు వ్రాయించడానికి ఒక మంచి వకీలును చూపించమని ఆమె నన్ను వేడుకొన్నది.

ఒకే మొక్క. ఒకచోట అది వాటాపత్రం, ఇంకొకచోట కారాగారం. ఈ వైరుధ్యాన్ని దేశకాలభేదమని సరిపెట్టుకొనడానికి మనస్సు అంగీకరించలేదు. గంజాయిని చట్టబద్ధం చేస్తే కలిగే ఆర్థికలాభం ఎంత, అది ఎవరికి చెందుతుంది అని కొన్ని నెలలపాటు దొరికినంత చదివాను.

ముందుగా మన శాసనం సంగతి. 1985 నాటి మాదకద్రవ్య నిరోధక చట్టం ఈ మొక్కను మూడు భాగాలుగా చూస్తుంది. జిగురు చరస్సు, పుష్పాగ్రాలు గంజాయి, పుష్పాగ్రాలతో కలియని ఆకులూ విత్తనాలూ ఆ నిర్వచనానికి వెలుపల ఉంటాయి. కాశీలోనూ జైసల్మేరులోనూ ప్రభుత్వానుమతితో భంగు దుకాణాలు నడవడానికి కారణమిదే. ఆ ఆకును వాడుకలో విజయ అంటారు. అథర్వవేదంలో పేర్కొన్న భంగ ఈ మొక్కయేనా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి కనుక ఆ చర్చ నాకు అప్రస్తుతం. శివుని పేరు చెప్పి చిలుము వెలిగించేవారితో వాదించే ఓపిక కూడా నాకు లేదు. పతంజలి కైవల్యపాదారంభంలో సిద్ధులు కలిగే మార్గాలలో ఓషధిని కూడా లెక్కించాడు. నిజమే. కానీ ఆయన నాలుగు పాదాలలో ఉపదేశించినది ఓషధిని కాదు, చిత్తవృత్తినిరోధాన్ని.

శాసనంలో శిక్షల లెక్క గమనించదగినది. గంజాయి ఒక కిలో వరకు అల్పపరిమాణం. ఇరవై కిలోలు దాటితే వాణిజ్యపరిమాణం. అప్పుడు శిక్ష పది సంవత్సరాలకు తగ్గదు, ఇరవై సంవత్సరాల వరకు ఉండవచ్చు. పైగా 37వ సెక్షను ప్రకారం నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలు న్యాయస్థానానికి కనిపిస్తేనే జామీను. సరుకు యజమాని ఎవరో, లాభం ఎవరిదో ఆ తూకపురాయి అడగదు. వీపున మోసినవాడే వాణిజ్యపరుడౌతాడు.

నిషేధానికి ముందు ఈ దేశంలో గంజాయి ఆదాయవనరుగా ఎట్లు నడిచిందో చాలమందికి తెలియదు. బ్రిటిష్ పార్లమెంటులో చర్చ జరిగిన పిమ్మట 1893లో ఒక సంఘం ఏర్పడింది. 1193 మంది సాక్షులను విచారించి మరుసటి సంవత్సరం ఏడు సంపుటాల నివేదికను సమర్పించింది. మితసేవనం వల్ల గణనీయమైన హాని లేదనీ, సంపూర్ణ నిషేధం తగదనీ, పన్నులతోనూ అనుమతులతోనూ నియంత్రించడమే మేలనీ ఆ సంఘం తేల్చింది. వంగదేశంలో రాజషాహీ ప్రాంతపు నౌగావ్ అప్పటికే ఈ సాగుకు కేంద్రం. అనుమతి పొందిన రైతులు నిర్ణీత క్షేత్రాలలో పండించేవారు. మగమొక్కలను గుర్తించి పెరికివేయడానికి పోద్దార్లనే నిపుణులు పొలాలలో తిరిగేవారు. పంట ప్రభుత్వ గిడ్డంగికి చేరి, అక్కడి నుండి బయటికి వెళ్ళేటప్పుడు సుంకం పడేది. 1917లో ఆ రైతులు సహకార సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ సంఘం ధనంతో పాఠశాలలూ వైద్యశాలలూ నడిచాయి. దీనిని నేను ప్రశంసగా చెప్పడం లేదు. అయితే ఈ వ్యాపారంలో పండించినవాని చేతికి గౌరవప్రదమైన భాగం దక్కిన సందర్భం వెదికితే నాకు నౌగావ్ తప్ప మరొకటి తోచలేదు. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికతో ఆ శకం ముగింపు దిశగా నడిచింది. ఔషధేతర వినియోగాన్ని 25 సంవత్సరాలలో నిలిపివేయాలని అందులో నిర్ణయమైంది.

ఇక నా విద్యార్థి నివసించే కొలరాడో సంగతి. అక్కడ 2012లో ప్రజాభిప్రాయంతో మార్గం సుగమమై, 2014 జనవరి 1న బహిరంగ విక్రయం ప్రారంభమైంది. 2021లో విక్రయాలు 220 కోట్ల డాలర్లను దాటాయి. రాష్ట్రానికి పన్నుల ద్వారా 40 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఆ ధనంలో కొంత పాఠశాల భవనాలకు పోతుంది. వినడానికి ఘనంగానే ఉంది. కానీ రాష్ట్ర మొత్తం వ్యయంలో అది ఒకటి రెండు శాతాన్ని మించదు. పైగా 2023 నాటికి విక్రయాలు సుమారు 150 కోట్లకు క్షీణించాయి. పొరుగు రాష్ట్రాలూ అనుమతించాయి. సాగు పెరిగి ధర పడిపోయింది. కేంద్ర శాసనం దృష్టిలో అది ఇంకా నిషిద్ధద్రవ్యం కనుక పెద్ద బ్యాంకులు దూరంగా ఉంటాయి. ఆదాయపు పన్ను చట్టంలోని 280ఇ నిబంధన వల్ల సామాన్య వర్తకునికి లభించే వ్యయ మినహాయింపులు కూడా ఈ వర్తకులకు దక్కలేదు.

కెనడా కథ ఇంకా విచిత్రమైనది. 2018 అక్టోబరు 17న దేశమంతటా అనుమతి వచ్చింది. దానికి రెండు నెలల ముందే ఒక మద్యసంస్థ కనోపీ గ్రోత్ అనే గంజాయి సంస్థలో 500 కోట్ల కెనడా డాలర్లు పెడుతున్నట్లు ప్రకటించింది. ఆ కనోపీ ప్రధానస్థానం స్మిత్స్ ఫాల్స్ పట్టణంలో, ఒకప్పటి హెర్షీ చాక్లెట్ కర్మాగారంలో ఉండేది. 2020 మార్చిలో ఆ సంస్థ బ్రిటిష్ కొలంబియాలోని రెండు బృహత్తర హరితగృహాలను మూసివేసి దాదాపు 500 మందిని ఇంటికి పంపింది. 2023లో ఆ పాత కర్మాగారాన్ని తిరిగి హెర్షీయే కొనుక్కొన్నది. మత్తు వెళ్ళిపోయి మిఠాయి తిరిగి వచ్చిందన్నమాట!

ఇందులో మర్మమేమీ లేదు. నిషిద్ధవస్తువు ధరలో అధికభాగం వస్తువు విలువ కాదు, భయం విలువ. పట్టుబడే ప్రమాదాన్ని మోసేందుకు చెల్లించే మూల్యం అది. నిషేధం తొలగిన నాడు ఆ భయం కరిగిపోతుంది, దానితో పాటు లాభమూ కరుగుతుంది. మిగిలేది ఒక సాధారణ వ్యవసాయోత్పత్తి. టమాటా రైతుకు తెలిసిన సత్యమే ఇది: అందరూ వేసిన సంవత్సరం ఎవరికీ గిట్టదు. ఇక పన్ను అధికమైతే దొంగ విపణి బ్రతుకుతుంది, తగ్గితే ఖజానా వట్టిపోతుంది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో నిషిద్ధజాబితా నుండి ఈ మొక్కను తొలగించింది. వేలకొలది దుకాణాలు వెలిశాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 2025 జూన్‌లో, వైద్యుని చీటీ ఉండాలని మళ్ళీ కట్టడి చేసింది. ఆ మధ్యకాలంలో అప్పుచేసి దుకాణం తెరచినవాని గతి ఊహించుకోవలసిందే.

ఇప్పుడు మన కొండల వైపు చూద్దాం. విశాఖ మన్యంలో, ఒడిశా సరిహద్దులో పండే శీలావతి రకానికి దేశమంతటా గిరాకీ. 2021 చివరలో పోలీసులు పరివర్తన పేరిట వేలాది ఎకరాలలో తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో మా అనకాపల్లి దాపున సుమారు 2 లక్షల కిలోల సరుకును దహనం చేశారు. ఆ పొగ చూసినవారు అనేక కోట్ల రూపాయలు కాలిపోయాయని చెప్పుకొన్నారు. ఆ కోట్లు కొండ మీద పండించినవానివి కావు. మైదానం నుండి వచ్చిన దళారి విత్తనమిచ్చి, ముందుగా కొంత సొమ్మిచ్చి, పంట తీసుకుపోతాడు. నగరం చేరే కొలదీ ధర అనేక రెట్లు పెరుగుతుంది.

"చట్టబద్ధం చేస్తే ఆ గిరిజనుడే ధనవంతుడౌతాడు" అని ఉత్సాహంగా వ్రాసేవారున్నారు. నాకు ఆ విశ్వాసం లేదు. నేడు ఆ రైతుకు ఉన్న ఏకైక సౌలభ్యం దారిలేని కొండ. అనుమతి వచ్చిన నాడు ఆ సౌలభ్యం నశిస్తుంది; అదే మొక్కను మైదానంలో కాలువ క్రింద, పెట్టుబడి కలవాడు, యంత్రాలతో పండిస్తాడు. అనుజ్ఞాపత్రం కోసం రుసుము, ప్రయోగశాల పరీక్ష, కంచె, కాపలా, వీటన్నిటికీ ధనం కావాలి. కూలి కోసం మూట మోసిన పిల్లవానికి ఆ వ్యాపారంలో చోటెక్కడిది?

నారపంట వేరు సంగతి. అదే జాతి మొక్కలో మత్తుపదార్థం అత్యల్పంగా ఉండే రకాలున్నాయి. నార కోసం, విత్తనం కోసం సాగుకు అనుమతించే వీలు 1985 చట్టంలోని 14వ సెక్షనులోనే ఉన్నది. ఉత్తరాఖండ్ 2018లో మత్తుపదార్థం 0.3 శాతానికి మించరాదన్న నియమంతో ఆ మార్గాన అడుగుపెట్టింది. 2021లో ఆహారభద్రతా సంస్థ ఈ విత్తనాలనూ వాటి తైలాన్నీ ఆహారంగా గుర్తించింది. హిమాచల్ శాసనసభ 2024 సెప్టెంబరులో పారిశ్రామిక, ఔషధ ప్రయోజనాల సాగుకు అనుకూలంగా తీర్మానించింది. ఇది నిదానమైన వ్యాపారం. వస్త్రం, త్రాడు, నూనె. ఇందులో ఎవరూ రాత్రికి రాత్రి కుబేరులు కారు. నా విద్యార్థికి అదే చెప్పాను: నీ వాటాల విషయం ధర్మాధర్మవిచారం దాకా రానక్కరలేదు, ముందు లెక్కలోనే నిలవడం లేదు. "మీ నుండి ధర్మశాస్త్రం అడిగితే గణితం చెప్పారు" అని అతడు నవ్వాడు.

అయితే ధర్మవిచారం తప్పించుకున్నానని కాదు. మత్తు మీద వచ్చే ఆదాయానికి అలవాటుపడిన ప్రభుత్వం ఎట్లుంటుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానా తట్టుకోలేక 1997లో అది సడలిపోయింది. ఖజానాకు మరొక మత్తును అలవాటు చేయడం నాకు సమ్మతం కాదు. కౌటిల్యుడు సుంకం వసూలు చేశాడు, నిజమే. కానీ త్రాగేవాని వ్యయం వాని స్థితిని మించుతున్నదేమో కనిపెట్టడానికి పానశాలలో గూఢచారులను కూడా ఉంచాడు. సుంకంతో పాటు ఆ జాగరూకతను కూడా స్వీకరించగల ప్రభుత్వాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

అందుచేత గంజాయి విక్రయానికి అనుమతి ఇమ్మని నేను కోరను. కోరేది ఇంకొకటి: తూకం మాత్రమే చూసి ఇరవై యేళ్ళ కూలివాణ్ణీ సరుకు యజమానినీ ఒకే సెక్షనులో బంధించే పద్ధతి మారాలి. అదే నిజమైన ఆర్థికలాభం కూడా. న్యాయస్థానాల కాలం, కారాగారాల వ్యయం, ఒక కుటుంబపు సంపాదన, వీటిని ఏ వాటాదారుడూ తన లెక్కలో వేసుకోడు.

వకీలు దొరికాడు. కింది న్యాయస్థానంలో జామీను తిరస్కృతమైంది. ఉన్నత న్యాయస్థానంలో దరఖాస్తు ఇంకా విచారణకు రాలేదు. వకీలు రుసుములో కొంత నేను, కొంత కొలరాడో నుండి ఆ విద్యార్థి భరిస్తున్నాము. ఆ పిల్లవాని తండ్రి తన అరెకరంలో కాఫీ మొక్కలు నాటాడు. నీడచెట్ల మీదికి మిరియపు తీగ ఎక్కించాడు. కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. వచ్చిన తరువాత గిరిజన సహకార సంస్థ కొంటుంది. అంతవరకు ఇల్లు ఎట్లా గడుస్తుందని ఆమెను అడిగాను. చీపుళ్ళు కట్టి సంతలో అమ్ముతున్నారని చెప్పింది.