పాట సగము, విన్నవారు సగము

బొగ్గుబావుల ప్రాంతములో జీతము గురించి వాదన వస్తే పది నిమిషాలలో ముగుస్తుంది. క్వార్టరు గురించి వస్తే అరగంట పడుతుంది. పాట గురించి వస్తే మాత్రము రాత్రి షిఫ్టువారు బావి దిగే వేళ వరకు సాగుతుంది. శ్రీరాంపూర్‌లో సంఘ పరిచర్యలో ఉన్న మాకు ఇది బాగా తెలిసిన సంగతి. గృహకూడిక ముగిసి టీ గ్లాసులు చేతికి వచ్చాక ఎవరో ఒకరు గద్దర్ పేరు ఎత్తుతారు. ఇక చూడండి! “తొలినాటి పాటలే పాటలు, తరువాతవన్నీ మైకుల మహిమ” అని పెద్దవారు. “మీ కాలపు పాటలలో మాట తప్ప సంగీతము ఎక్కడిది?” అని యవ్వనస్థులు. ఎవరూ వెనుకకు తగ్గరు.

ప్రియ పాఠకులారా, ఆ పాటల వెనుకనున్న రాజకీయాలను తూచడము ఈ వ్యాసము ఉద్దేశము కాదు. ఆ పని చేసేవారు వేరే ఉన్నారు. ఒక మనిషి వ్రాసి పాడిన తొలి పాటలకు విలువ కట్టవలసి వస్తే దేనిని బట్టి కట్టాలి? ఈ ప్రశ్న మీద మా మధ్య జరిగిన వాదనలు మాకు ఒక సంగతి నేర్పాయి. దానినే మీతో పంచుకుంటున్నాము.

ముందుగా, తెలియని పిల్లల కోసము నాలుగు మాటలు. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టాడు. 1971లో బి. నర్సింగరావు ప్రోత్సాహముతో వ్రాసిన ‘ఆపర రిక్షా’ ఆయన తొలి పాట అని చెబుతారు. మొదటి పాటల సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టారు. తెల్లవారి పాలన మీద తిరగబడిన గదర్ పార్టీని తలచుకొని పెట్టిన పేరు అది. చివరకు సంపుటి పేరే మనిషికి నిలిచిపోయింది. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. 1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగములో చేరాడు, 1984లో దానిని వదిలేశాడు. కొన్ని ఏండ్లు అజ్ఞాతములో ఉండి, 1990లో బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కళాశాల మైదానములో పాడినప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనము వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. బ్రదికి బయటపడ్డాడు గాని ఒక తూటా చివరి వరకు ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న కన్నుమూశాడు. ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వము తన సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టి, 2025లో మొదటిసారి అందజేసింది.

ఆయన పోయిన తరువాత మా దగ్గర ఈ వాదన ఇంకా ముదిరింది. బ్రదికి ఉన్న మనిషి ఎప్పుడైనా ఇంకొక పాట కట్టవచ్చును. పోయిన మనిషి పాటలకు లెక్క తేలిపోయింది గనుక, ఏది మొదటిది, ఏది మేలైనది అని వరుస పెట్టాలని అందరికీ తొందర.

ఈ వాదనలలో మొట్టమొదట బయటపడేది ఏమిటంటే, తొలి పాటలు అని మనము పందెము కాసే వాటిలో కొన్ని అసలు ఆయన వ్రాసినవే కావు. గొంగడి భుజాన వేసుకొని ‘మా భూమి’ చిత్రములో ఆయన పాడిన ‘బండెనక బండి’ పాటను మా పెద్దలు కూడా గద్దర్ రచన అనే అంటారు. అది నిజాము కాలపు రైతాంగ పోరాటములో బండి యాదగిరి కట్టిన పాట. 1979లో తీసిన ఆ చిత్రముతో అది ఊరూరికీ పాకింది. ‘ఊరు మనదిరా’ సంగతి కూడా అంతే. అది గూడ అంజయ్య వ్రాసిన పాట. ఆయన మాకు పొరుగువాడు. ఇదే మంచిర్యాల జిల్లాలో, దండేపల్లి మండలము లింగాపూర్‌లో పుట్టినవాడు, 2016లో మరణించాడు. మా యువకుడొకడు ఈ మాట విని, “అయితే మన లక్షెట్టిపేట దిక్కు ఆయన పాటనే ఇన్నేండ్లు వేరేవాళ్ల ఖాతాల రాసినమా!” అని ఆశ్చర్యపడ్డాడు.

ఇందులో నవ్వవలసినది ఏమీ లేదు. మన కీర్తనల పుస్తకములో చాలా కీర్తనల దగ్గర రాగము, తాళము, వ్రాసినవారి పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తము చౌదరిగారి కీర్తనలు తరతరాలుగా పాడుతూ ఆ పేరు వైపు చూడనివారు మనలో ఎందరు లేరు? నోటికి వచ్చిన పాటకు మనము కవి పేరు అడగము. ఎవరి నోట విన్నామో వారిదే అనుకుంటాము.

రెండవ తగవు మాటల గురించి. ఒకే పాటలో ఒక చరణము ఇలా అని ఒకరు, కాదు అలా అని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా ఆధారము ఉంటుంది. ఒకరి దగ్గర పాత క్యాసెట్టు, ఇంకొకరి దగ్గర చిన్న పాటల పుస్తకము. నిజానికి ఇద్దరూ సరియే. ఆ పాటలు పుట్టినది స్టూడియోలో కాదు. కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, ప్రక్కన డప్పు. ఒకరు ఎత్తుకుంటే వెనుకవారు అందుకుంటారు. బుర్రకథలో వంత ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది. పల్లవి పదే పదే తిరిగి వస్తుంది. ఎందుకంటే వినేవాని చేతిలో కాగితము లేదు, ఇంటికి తీసుకుపోవడానికి యంత్రము లేదు. ఒక్కసారి విని నోటికి పట్టుకుపోవాలి. చరణములో ఊరి పేరు, పని పేరు సభను బట్టి మారవచ్చును. క్యాసెట్టులో దొరికినది ఒక సాయంకాలము పాడిన తీరు మాత్రమే. మరుసటి సాయంకాలము అది వేరుగా ఉండి ఉంటుంది. అందుచేత “అసలు మాట ఇదే” అని బల్ల గుద్దడము ఈ పాటల విషయములో చెల్లదు.

ఇక ముఖ్యమైన తగవు. తొలి పాటలు మేలా, తరువాతవి మేలా? ఒక సాయంకాలము ఒక విశ్రాంత కోల్ ఫిల్లరు ఇంట్లో ఇది గట్టిగా జరిగింది. మనుమడు డిగ్రీ చదువుతున్నాడు. వాని వాదన సూటిగా ఉంది: “తాతా, ఫోనుల పెట్టి ఇంటే రేకుడబ్బ మోగినట్టున్నది. గొంతు ఒక దిక్కు, డప్పు ఒక దిక్కు. ‘జై బోలో తెలంగాణ’ల పాట ఇను, ఒళ్లు జలదరిస్తది.” వాడు చెప్పినదీ అబద్ధము కాదు. 2011లో వచ్చిన ఆ చిత్రములోని పాటకు గాయకునిగా ఆయనకు నంది అవార్డు ప్రకటించారు.

తాత కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత ఇట్లా చెప్పాడు: “నువ్వు ఫోనుల ఇన్నవు బిడ్డా. నేను బాయి గేటుకాడ ఇన్న. అప్పటికి నేను గద్దర్‌ను సూడనే లేదు. ఆయన పాట నేర్సుకున్న ఇద్దరు పిల్లగాండ్లు డప్పు కొట్టుకుంట పాడిండ్రు. నేను పొద్దంత తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపి ఎక్కి వచ్చిన. నడుము నాది కాదు, చేతులు నాయి కావు. ఆ పాట రిక్షా తొక్కెటోని మీద కట్టింది. నేను జన్మల రిక్షా తొక్కలే. అయినా నన్ను ఎవరో పేరు పెట్టి పిలిసినట్టయింది.”

మనుమడు వెంటనే అడిగిన మాట పాట గురించి కాదు. “టబ్బులు చేతితోని నింపిండ్రా తాతా?” అన్నాడు. వాడు పుట్టేనాటికి ఆ పని యంత్రాలకు పోయింది. 1990 ప్రాంతములో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు అందులో సగము కూడా లేరు. తట్ట అంటే ఏమిటో, చెమ్మస్ ఎంత బరువుండేదో, టబ్బు నిండకపోతే ఏమయ్యేదో ఆ ఇంట్లో అప్పటి వరకు ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాడు. పాట మీద మొదలైన తగవు తాత బ్రదుకు మీదికి మళ్లింది. మేమందరము వింటూ కూర్చున్నాము.

అప్పుడే ఇంకొకటి జరిగింది. మనుమడు ఉత్సాహముతో ఫోనులో ఆ కాలపు పాట ఒకటి పెట్టాడు. వంటింటి గుమ్మము దగ్గర కూర్చున్న ఒక పెద్దమ్మ, మా సంఘస్థురాలే, మెల్లగా అన్నది: “అది బంద్ చెయ్యి బిడ్డా.” వాడు ఆపాడు. ఆమె పెద్ద కుమారుడు ఇవే పాటలు పాడేవాడట. ఒకనాడు ఇల్లు విడిచిపోయి మరి రాలేదు. అంతకు మించి ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. కొంతసేపటికి ఆమే అన్నది: “పాట మంచిదే. నా కొడుకు గొంతు గూడ మంచిదే.”

ఆ మాట తరువాత ఆ రాత్రి ఎవరికీ వాదించ బుద్ధి పుట్టలేదు. మేము కూడా ఏ ఉపదేశమూ చేయలేదు. కొన్నిసార్లు ప్రక్కన కూర్చోవడమే పరిచర్య.

ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాము. ఒకే పాట. ఒకరికి అలసిన ఒంటికి తోడైనది. ఒకరికి పాత రికార్డింగు మాత్రమే. ఒకరికి తిరిగి రాని బిడ్డ గొంతు. ఈ ముగ్గురిలో ఎవరు తప్పు? పాట ఎంత గొప్పదో తూచేటప్పుడు మనము పాడినవానినే త్రాసులో పెడుతున్నాము. గొంతు, బాణీ, మాట, సంవత్సరము, ఇవే లెక్క వేస్తున్నాము. విన్నవారిని లెక్కలోకి తీసుకోవడము లేదు. పాడినవాడు ఇచ్చేది సగము. ఆ పూట వాడు ఏ పని చేసి వచ్చాడో, ఎవరి ప్రక్కన నిలబడి విన్నాడో, విని ఏమి పోగొట్టుకున్నాడో, ఆ సగము విన్నవాడు తెస్తాడు. అందుకే తొలి పాటల మీద తగవు తెగదు. రెండవ సగము ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క తీరుగా ఉన్నది.

అయితే మీ తీర్పు ఏమిటని మమ్మును అడిగితే దాటవేయము. మాకు తొలి పాటలే మేలు. పాతవి గనుక కాదు. ఒక జాతిని, ఒక ప్రాంతమును ఉద్దేశించి పాడే ముందు అవి ఒక్క మనిషిని చూశాయి. పెద్ద మాటలు ఎత్తుకోక మునుపు, రిక్షా తొక్కేవాని కాలి నొప్పి దగ్గర ఆగాయి. అదే చూపు తరువాత కూడా అక్కడక్కడ తిరిగి వచ్చింది. 1995లో ‘ఒరేయ్ రిక్షా’ చిత్రానికి ఆయన వ్రాసిన చెల్లెలి పాట అటువంటిదే. దానికి ఇచ్చిన నంది అవార్డును ఆయన కాదన్నాడు. పాతికేండ్ల ఎడముతో రెండు పాటలు, రెండింటి వెనుకా రిక్షా ఉన్నది, రెండింటిలోనూ ఎదుట ఒక మనిషి ఉన్నాడు. ఈ సంగతి చెబితే మా యవ్వనస్థులు, “అయితే తొలి పాట అంటే తారీఖు కాదన్నమాట” అన్నారు. మేము కూడా అదే అంటున్నాము.

ఆ పెద్దమ్మ మాటను బట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. పాట బలమైనది గనుకనే దానిని ఎక్కడ ఎత్తుకోవాలో తెలిసి ఉండాలి. ఇప్పుడు మా కూడికల తరువాత పిల్లలు పాట పెట్టే ముందు ఒకసారి చుట్టూ చూస్తున్నారు. “పెద్దమ్మా, పెట్టమంటవా?” అని అడుగుతున్నారు. ఒక్కొక్కసారి ఆమె తల ఊపుతుంది, ఒక్కొక్కసారి ఊపదు. ఊపనినాడు ఎవరూ నొచ్చుకోరు.

తలిదండ్రులారా, యవ్వనస్థులారా, మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్టులు ఉంటే పారవేయకండి. టేపు పాడైనా ఫరవాలేదు. పెద్దలను కూర్చోబెట్టుకొని, “ఏ పాట మేలైనది?” అనే కాక, “ఇది ఎక్కడ విన్నావు? అప్పుడు నీ ప్రక్కన ఎవరున్నారు? ఆ నాడు ఏ పని చేసి వచ్చావు?” అని అడగండి. వారు చెప్పినది ఆ క్యాసెట్టు అట్ట మీదనే వ్రాసి పెట్టండి. గద్దర్ పాట అయినా, అంజయ్య పాట అయినా, మన కీర్తన అయినా ఇంతే. పాట ఎక్కడైనా దొరుకుతుంది. రెండవ సగము మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు, అది చెప్పగలవారు ఎప్పటికీ మనతో ఉండరు.