ఎన్ని గంటలకమ్మా?

నాది పుత్తూరనీ, డాక్టర్ననీ చెబితే బయటి ఊళ్ళవాళ్ళు వెంటనే అడిగేది, "కట్టు కడతారా?" అని. నేను పిల్లల డాక్టర్ని. అయినా వాళ్ళ తప్పేం లేదు. పుత్తూరు కట్టు 1881లో మొదలైందని చెబుతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ పీలికలు. వీటి కోసం మద్రాసు నుంచి కూడా జనం వస్తారు. అంగన్‌వాడీలో పడి చెయ్యి వాచిన పిలకాయను వాళ్ళమ్మ చంకనేసుకుని ముందు అటే పోతుంది. దాని మీద నాకేం పంతం లేదు. చిన్నబిడ్డల ఎముక పచ్చికొమ్మలాంటిది, పుటుక్కున విరగదు, వంగి చిట్లుతుంది. కదలకుండా పట్టి ఉంచితే చాలావరకు దానంతటదే అతుక్కుంటుంది.

మోచేతికి కాస్త పైన విరిగినప్పుడే సంగతి వేరు. అరచెయ్యి నేలకు ఆనించి పడిన పిల్లలకు అక్కడ కూడా తరచుగా విరుగుతుంది. చేతికి రక్తం తీసుకుపోయే పెద్దనాళం ఆ ఎముకను ఆనుకునే వెళుతుంది. అది నలిగినా, వాపు లోపల బిగుసుకున్నా కిందిభాగానికి రక్తం అందదు. ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోతుంది, వేళ్ళు ముడుచుకుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతాయి. కట్టు ఎవరు కట్టినా, ఆకుదైనా సిమెంటుదైనా, ఆ రాత్రంతా వేళ్ళు చూస్తూ ఉండాలి. చల్లబడినా, పాలిపోయినా, వేళ్ళు చాపబోతే బిడ్డ కెవ్వుమన్నా కట్టు విప్పించి ఆసుపత్రికి పరుగెత్తాలి.

అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని గంటలకమ్మా?"

"ఇప్పుడే సార్" అంటారు. వాపు చూస్తే పొద్దుటిదని తెలిసిపోతుంటుంది.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. ఈ చుట్టుపక్కల తల్లుల్లో చాలామంది మరమగ్గాల మీదికో మామిడి తోటల్లోకో పనికి పోతారు. పిలకాయలు టీచరమ్మ చేతుల్లో, ఆయా చేతుల్లో ఉంటారు. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ పని పెరుగుతూనే ఉంది: గుడ్లు, పాలు, వంట, తూకం, రిజిస్టర్లు, ఇప్పుడు ఫోనులో ఫొటోలు. ఇన్నింటి మధ్య ఒక బిడ్డ పడితే తల్లి తిట్టేది టీచర్ని. పైవాళ్ళకు తెలిస్తే మెమో. కాబట్టి "ఏం జరగలా సార్, బాగానే ఆడుకుంటా ఉండె" అనే మాట ముందు వస్తుంది.

ఆ మాట ఖరీదు ఎంతో చెప్పే కేసు ఒకటుంది. మూడేళ్ళ పాప. వారం నుంచి దగ్గు, ఆపైన జ్వరం. వేరేచోట రెండు రకాల యాంటీబయాటిక్ సిరప్‌లు అయిపోయాయి. స్టెతస్కోపు పెడితే కుడివైపు గాలి సరిగా పోవడం లేదు, పిల్లికూత ఆ ఒక్కవైపే వినబడుతోంది. ఆస్తమా అయితే రెండువైపులా ఉండాలి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి ఎడమదానికన్నా ఉబ్బి ఉంది. "ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరి అయిందా ఎప్పుడైనా?" అని అడిగాను. తల్లి లేదంది. వెనక నిలబడిన ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికి పిలిచి మెల్లగా అడిగితే చెప్పింది. సెంటర్లో పక్కపిల్లవాడు ఇంటి నుంచి తెచ్చిన వేయించిన చెనిక్కాయలు పాప నోట్లో వేసుకుంది, నవ్వుతూ ఒక్కసారిగా దగ్గింది, మొహం కమిలిపోయింది. ఆయా వీపు మీద తట్టింది. కాసేపటికి సర్దుకుంది. "తగ్గిపోయిందని ఎవురికీ చెప్పలా సార్."

తగ్గలేదు. గింజ గొంతు దాటి ఊపిరితిత్తిలోకి జారింది. అక్కడికి పోయాక దగ్గు కాసేపు ఆగుతుంది, అందరూ గండం గడిచిందనుకుంటారు. చెనిక్కాయ ఎక్స్‌రేలో కనబడదు. తడికి ఉబ్బుతుంది, దానిలోని నూనెకు చుట్టూ వాపు వస్తుంది, వెనక న్యుమోనియా పడుతుంది. తిరుపతికి పంపితే బ్రాంకోస్కోపీ చేసి సగం పప్పు బయటికి తీశారు. మొదటిరోజే ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వారం రోజుల మందులు, జ్వరం, ఏడుపు ఉండేవి కావు. ఆయా మీద నాకు కోపం రాలేదు. వీపు తట్టింది ఆమె, చూసింది ఆమె. చెప్పే ధైర్యాన్ని మనమే ఆమెకు ఇవ్వలేదు.

చెనిక్కాయ పండే సీమ మనది. వద్దంటే ఎవరూ వినరు. నాలుగేళ్ళు దాటేదాకా గింజలుగా పెట్టకండి, దంచి పెట్టండి. గొంతులో ఏదైనా పడినప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలక నీలిరంగుకు తిరిగితే ముందుకు వంచి రెండు భుజాల మధ్య ఐదుసార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనక నిలబడి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఏడాదిలోపు పసిబిడ్డకు మాత్రం పొట్ట నొక్కకూడదు, బోర్లా వేసి వీపు చరిచి, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్ళతో నొక్కాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఈలోగా ఎవరో ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి.

ఆ చెనిక్కాయ కేసుకు పూర్తిగా ఎదురు కేసు నారాయణవనం వైపు పల్లె నుంచి వచ్చింది. సెంటరు వసారాలో పేర్చిన కట్టెల దగ్గర నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఎర్రతేలు కుట్టింది. టీచరమ్మ భర్త బండి మీద తీసుకొచ్చింది. చంకలో రిజిస్టరు. నేను నోరు తెరవక ముందే, "పన్నెండు ముప్పావుకు సార్. బరువు పదమూడు కిలోల రెండొందలు. పోయిన వారమే తూచినాం. రెండు వాంతులు అయినాయి" అంది. పిల్లవాడికి ఒళ్ళంతా చెమట, కాళ్ళు చేతులు మంచు. అంత నొప్పి కూడా లేదంటున్నాడు. చాలామంది అక్కడే ధైర్యపడతారు. అసలు భయపడాల్సింది అప్పుడే. విషం గుండె మీద పనిచేస్తోందని అర్థం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోతుంది.

దీనికి ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర పనిచేస్తుందని చూపించింది మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. అంతకుముందు తేలు విషం ఒళ్ళంతా ఎక్కినవాళ్ళలో దాదాపు నూటికి నలభైమంది పోయేవారు, ఆ తర్వాత అది ఒక్క శాతానికి వచ్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మోతాదు కిలోకు 30 మైక్రోగ్రాములు. ఈ పిల్లవాడికి ఒక మిల్లీగ్రాము మాత్రలో సగానికన్నా తక్కువ. టీచరమ్మ చెప్పిన బరువుతో అక్కడికక్కడే లెక్క కట్టి వేసి, పడుకోబెట్టే తిరుపతి రుయా ఆసుపత్రికి పంపాం. బాగయ్యాడు. నా దగ్గర లేనిది, అంగన్‌వాడీలో ఉన్నది ఆ తూకం. జ్వరం మందుకూ అదే లెక్క. పారాసెటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లలో ఒక సీసాలో 120 మిల్లీగ్రాములుంటే ఇంకో సీసాలో 250 ఉంటుంది. "పోయినసారి ఒక మూత పోసినాం" అంటే ఏమీ చెప్పినట్టు కాదు.

ఫిట్సు గురించి ఎక్కువ చెప్పను. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు కొందరికి జ్వరంతో ఫిట్సు వస్తాయి, చాలావరకు ఐదు నిమిషాల్లో ఆగిపోతాయి. చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108.

విరేచనాలకూ లెక్కే ముఖ్యం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు, మొత్తం ఒకేసారి. గ్లాసుడు నీళ్ళలో పెద్ద ప్యాకెట్టు కలిపి పట్టించిన ఇళ్ళు చూశాను, బిడ్డకు అది ఉప్పు విషం. అంగట్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు వేరే. వాటి మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వాటికి ఆ పేరు వాడొద్దంది.

ఇక తల్లులకు ఒక మాట. రేపు సాయంత్రం ఆయా మీ ఎదురుగా నిలబడి "అమ్మా, బిడ్డ పదకొండింటికి పడినాడు, తల తగిలింది" అంటే ఆమెను తిట్టకండి. వాంతులయ్యాయా, నిద్రమత్తుగా ఉన్నాడా అని అడగండి, రాత్రికి బిడ్డను కనిపెట్టుకోండి. సూపర్‌వైజరమ్మలూ, నిజం చెప్పిన టీచరుకు మెమో ఇవ్వకండి. ఆమె దాస్తే నాకు వైద్యం తెలియదు.