పొడుగు పిల్ల - ఐదు ఫౌళ్ళు

మన గోడపత్రికలో కవితలు, పొడుపుకథలు, మహనీయుల జీవితాలు చాలా వచ్చాయి. ఆటల మీద ఎవరూ రాసినట్టు లేదు. ఎడిటర్ అక్క "నువ్వు బాస్కెట్‌బాల్ మీద రాయవే" అంది. అందుకని రాస్తున్నాను. చేతిరాత బాగోకపోతే కాస్త సర్దుకుని చదవండి.

నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. తొమ్మిదో తరగతికి ఇది ఎక్కువే. ప్రేయర్‌లో ఎప్పుడూ వరస చివర్న నిలబడతాను. మా ఊళ్ళో నన్ను కొబ్బరిచెట్టు అంటారు. ఇక్కడ ఏమంటారో మీకే తెలుసు. మా ఇంటి చూరు కిందికి ఉంటుంది కాబట్టి తల వంచి లోపలికి వెళ్ళడం నాకు అలవాటు. మా అమ్మకి నన్ను చూస్తే దిగులు. "ఇంత పొడుగు పిల్లకి మొగుణ్ణి ఎక్కణ్ణించి తేవాలి?" అని సెలవులకి వెళ్ళినప్పుడల్లా అంటుంది. పదో తరగతితో చదువు ఆపేద్దామన్న మాట కూడా అప్పుడే వస్తుంది. ఈ ఎత్తుకి ఒక ఉపయోగం ఉందని నాతో మొదట అన్నది మన పీఈటీ మేడం. ఈ ఏడు నన్ను టీములోకి తీసుకుని సెంటర్‌గా పెట్టారు.

సెంటర్ అంటే రింగు కింద నిలబడే మనిషి. బోర్డుకి తగిలి వచ్చిన బంతిని అందుకోవాలి, అవతలి వాళ్ళు వేసే బంతిని ఆపాలి, మన వాళ్ళు ఇస్తే వెయ్యాలి. గుద్దుకోవడం, తోసుకోవడం అన్నీ అక్కడే. అందుకే ఫౌళ్ళు కూడా అక్కడే. 1891లో అమెరికాలో నైస్మిత్ అనే మాస్టారు పీచు పళ్ళ బుట్టలు కట్టి ఈ ఆట మొదలుపెట్టినప్పుడు, రెండో ఫౌలు చేస్తేనే బయటికి పంపేవారట, తర్వాతి గోలు పడేదాకా. ఇప్పుడు మనం ఆడే రూల్సులో ఐదు ఫౌళ్ళ దాకా ఉండనిస్తారు. ఐదోది పడితే ఆ మ్యాచ్‌లో ఇంక ఆడేది లేదు.

మా మొదటి మ్యాచ్ తెనాలిలో. రేపల్లెలో ప్యాసింజర్ ఎక్కి భట్టిప్రోలు, వేమూరు దాటి వెళ్ళాం. దారంతా పాటలే. గ్రౌండులో దిగాక పాటలు ఆగిపోయాయి. అవతలి టీముకి మంచి బూట్లున్నాయి. నాకు ఆట మొదలైన మూడు నిమిషాల్లో రెండు ఫౌళ్ళు పడ్డాయి. చిన్నపిల్ల ఒకతె బంతి పట్టుకుని నా మీదకే వచ్చేది. నేను చెయ్యి కిందికి దించితే చాలు, ఈల. మూడో క్వార్టర్లో ఐదూ అయిపోయాయి. ఫ్రీ త్రోలు ఎనిమిది వేస్తే ఒక్కటి పడింది. ఆ ఒక్కటీ బోర్డుకి తగిలి, రింగు చుట్టూ తిరిగి, ఇష్టం లేనట్టు పడింది. 14 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఎవరూ నన్నేమీ అనలేదు. అంటేనే బాగుండేది.

తర్వాత వారం మేడం సుద్దముక్కతో నేల మీద ఒక గుండ్రం గీశారు. రెండు పాదాలు పట్టేంత. "ఇందులో నిలబడు. చేతులు పైకెత్తు. నిటారుగా ఎగురు. మళ్ళీ ఇందులోనే దిగు" అన్నారు. రోజూ సాయంత్రం ఇదే. ఇద్దరు పిల్లలు బంతి తీసుకుని నా మీదకి వస్తారు. నేను చేతులు రోకలి పోటులా దించకూడదు, గుంజల్లా నిలబెట్టాలి. అంతే.

అప్పుడే రూలు చెప్పారు. అది వింటుంటే నాకు ఒళ్ళు ఒకలా అయింది. ఎవరినీ తొయ్యకుండా ముందుగా వచ్చి నిలబడ్డ చోటు నీది. ఆ చోటు మీద, నువ్వు నిటారుగా ఎగిరినంత మేరా గాలి కూడా నీదే. అవతలి మనిషి వచ్చి నీ మీద పడితే తప్పు నీది కాదు. ఇది ప్రపంచమంతా ఒకటే రూలు.

మేము యానాదులం. మా నాయన నిజాంపట్నం వైపు మడ అడవుల్లో పీతలు పడతాడు. మాకు పుట్టినప్పటినుంచీ నేర్పింది పక్కకి జరగడం. బస్సులో జరుగు, కొట్టు దగ్గర జరుగు, పెద్దోళ్ళు వస్తన్నారు జరుగు. నేను కోర్టులో కూడా ముందు జరుగుతున్నాను, జరిగాక చెయ్యి చాపి బంతిని కొడుతున్నాను. ఫౌలు అక్కడ పడుతోంది. ఈ సంగతి మేడమే కనిపెట్టారు. "నువ్వు బలంగా ఆడి ఫౌళ్ళు తెచ్చుకోవట్లేదే, తప్పుకుని తెచ్చుకుంటున్నావు" అన్నారు.

బాపట్ల మ్యాచ్‌కి చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. ఆట అయ్యాక సూర్యలంక బీచ్ చూపిస్తామన్నారు గాని, వర్షం వల్ల కుదరలేదు. ఆ మ్యాచ్‌లో నాకు నాలుగు ఫౌళ్ళు, అంటే చివరిదాకా ఉన్నాను. రీబౌండ్లు 11. మేడం లెక్క రాసుకున్నారు. ఫ్రీ త్రోలు మాత్రం అంతే, ఆరిట్లో ఒకటి. నేను రింగు కింద బాగా ఆడేకొద్దీ అవతలి వాళ్ళు నన్ను కావాలనే పట్టుకుని ఆపుతున్నారు. లైను దగ్గర నాకు పడదని వాళ్ళకి తెలిసిపోయింది.

ఇది నాకొక్కదానికే వచ్చిన బాధ కాదని మేడం ఫోనులో చూపించారు. షకీల్ ఓనీల్ అని 7 అడుగుల 1 అంగుళం మనిషి. 1992-93లో ఎన్‌బీఏలో కొత్తగా వచ్చినప్పుడు మ్యాచ్‌కి సగటున నాలుగు ఫౌళ్ళు చేశాడు. జీవితం మొత్తం మీద ఫ్రీ త్రోలు నూటికి 53 కూడా పడలేదు. ఆయన్ని కావాలని ఫౌల్ చెయ్యడానికి ఒక పేరే పెట్టారు. ఇంకొకాయన విల్ట్ చాంబర్లేన్. 14 సీజన్లలో, వెయ్యికి పైగా మ్యాచ్‌ల్లో, ఒక్కసారి కూడా ఫౌళ్ళు నిండి బయటికి వెళ్ళలేదు. ఈయన 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. ఆ రోజు 32 ఫ్రీ త్రోల్లో 28 పడ్డాయి. అప్పుడు బంతిని రెండు చేతులతో మోకాళ్ళ మధ్యనుంచి పైకి విసిరేవాడు. తర్వాత ఆ పద్ధతి మానేశాడు. 1967-68లో నూటికి 38కి దిగాడు. అలా విసురుతుంటే ఆడంగిలా కనిపిస్తానేమోనని ఆయనకి సిగ్గేసిందట. ఆడవాళ్ళలా ఉంటే వచ్చిన నష్టమేమిటో నాకు అర్థం కాలేదు. పాయింట్లు పడుతున్నాయి కదా!

నేను ఆ పద్ధతి కూడా వేసి చూశాను. ఆరో తరగతి పిల్లలు నవ్వి చచ్చారు. నాకు కుదరలేదు గానీ ఒక సంగతి తెలిసింది. బలం చేతుల్లోంచి కాదు, మోకాళ్ళలోంచి వస్తుంది. దసరా సెలవుల్లో నాయన విసురు వల వేస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాను. "చేత్తో విసిరితే వల ముద్దగా పడుద్ది. నడుం తిరగాల, మోకాలు లెగాల, ఆఖర్న వేళ్ళు ఇడవాల" అన్నాడు. సరిగ్గా మేడం చెప్పిందే!

ఇంకొకటి, రింగు లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు. మన అమ్మాయిల బంతిని దారంతో కొలిచి లెక్క కట్టాను, అడ్డంగా దాదాపు 23. అంటే రింగులో దగ్గర దగ్గర రెండు బంతులకి చోటుంది. కింద నుంచి చూస్తే ఒకటే పట్టేట్టు కనిపిస్తుంది. అప్పట్నుంచి లైను దగ్గర భయం కొంచెం తగ్గింది. రిఫరీ బంతి ఇచ్చాక 5 సెకన్లు ఉంటాయి. ఒకసారి నేలకి కొట్టి, మోకాళ్ళు వంచి, వేస్తాను.

రేపల్లె మ్యాచ్‌కి నాయన వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు బయట తుమ్మచెట్టు కింద నిలబడ్డాడు. ఎవరో స్కూటర్ పెట్టుకోడానికి జరగమంటే జరిగాడు, నేను కోర్టులోంచి చూశాను. ఆ మ్యాచ్‌లో నాకు మూడే ఫౌళ్ళు. ఫ్రీ త్రోలు ఏడిట్లో నాలుగు పడ్డాయి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. మిగిలిన మూడిట్లో రెండు పడి ఉంటే అని రాత్రి చాలాసేపు లెక్కలు వేసుకున్నాను.

ఆట అయ్యాక బయటికి వెళ్తే నాయన అడిగిన మొదటి మాట: "ఆ ఎర్ర చొక్కా పిల్లే కదా వచ్చి నిన్ను గుద్దింది? నువ్వు కదల్లేదుగా. ఈల నీ మీద ఎందుకు ఊదారు?" నాకు నవ్వొచ్చింది. రూలు ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మేడం అక్కడికి వచ్చి నాయనకి గీతు అన్నా జోస్ గురించి చెప్పారు. కేరళ అమ్మాయి, 6 అడుగుల 2 అంగుళాలు, నాలాగే సెంటర్. ఇండియా కెప్టెన్ అయింది, ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడి క్లబ్బుకి ఆడింది, 2014లో అర్జున అవార్డు వచ్చింది. సదరన్ రైల్వేలో ఉద్యోగం. నాయనకి ఆస్ట్రేలియా పట్టలేదు, రైల్వే అన్న మాట పట్టింది. "పది అయినాక కూడా ఈ ఆట ఆడొచ్చా?" అని అడిగాడు. కాలేజీల్లో ఆటల కోటా ఉంటుందని, దానికి సర్టిఫికెట్లు కావాలని మేడం చెప్పారు. ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. అమ్మతో మాట్లాడతానన్నాడు. సంక్రాంతికి వెళ్తే తెలుస్తుంది.

ఇప్పుడు రోజూ 50 వేస్తున్నాను. నిన్న 27 పడ్డాయి, మొన్న 29. వర్షం వస్తే సుద్ద గుండ్రం చెరిగిపోతోంది, ఎవరి దగ్గరైనా తెల్ల పెయింటు మిగిలి ఉంటే ఇవ్వగలరు. బంతికి గాలి ఆగట్లేదు, వాల్వ్ పోయింది, వార్డెన్ గారికి చెప్పాం. ఆరో తరగతి బి సెక్షన్‌లో ఒక పొడుగు పిల్ల వచ్చింది, చివరి బెంచీలో వంగి కూర్చుంటోంది. ఆ పిల్లని సాయంత్రం 5 గంటలకు గ్రౌండుకి పంపండి.

- 9వ తరగతి, ఎ సెక్షన్