అటక మీది పెట్టె

సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు దొరికిందని పుట్టింటికి వెళ్తే, విశ్రాంతి మాట దేవుడెరుగు, బూజుకర్ర చేతికొచ్చింది. అటక మీది ట్రంకుపెట్టె దింపి చూస్తే, అమ్మ మంచిరోజు కోసం దాచుకున్న ధర్మవరం పట్టుచీర మడతల వెంబడే చీలిపోయి ఉంది. (పట్టుచీరకు అప్పుడప్పుడూ మడత మార్చాలి సుమండీ!) దాని కింద పాత పోపులడబ్బా. అందులో రెండు వెయ్యి రూపాయల నోట్లు! 2016 నవంబరు 8న రద్దయినవి. బ్యాంకులో వేసుకోవడానికి ఆ డిసెంబరు 30 దాకా గడువు ఉండనే ఉంది. బయటపెడితే దాచిన సంగతి నాన్నకు తెలుస్తుందని ఊరుకుందట.

నాన్న పగలబడి నవ్వి, "ఎంత తెలివితక్కువదానివే!" అన్నారు. నాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య రెండు వేలు దాచుకోవడానికి భయపడేలా మసలుకోవడం ఏపాటి తెలివి? అమ్మ ఏమీ మాట్లాడకుండా నోట్లు నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ ఆ డబ్బాలోనే పెట్టింది.