ఎండీఎక్స్ మీద ఒక మాట

మార్క్‌డౌన్ అంటే నాకు మొదట్నుంచీ ఇష్టం. 2004లో జాన్ గ్రూబర్ దాన్ని బయటపెట్టినప్పుడు ప్రధానంగా చూసుకున్నది ఒకటే: రాసింది రాసినట్టే చదవడానికి హాయిగా ఉండాలి. కానీ పేజీ మధ్యలో కదిలే గ్రాఫో, ఈఎంఐ లెక్క చూపించే స్లైడరో కావాలంటే అది చేతులెత్తేస్తుంది. మార్క్‌డౌన్ మధ్యలోనే కాంపొనెంట్లు పెట్టుకోనిచ్చే ఎండీఎక్స్ పనికొచ్చేది అక్కడే. ఫైల్ పైభాగంలో రియాక్ట్ కాంపొనెంట్‌ని ఇంపోర్ట్ చేసుకుని, రెండు పేరాల మధ్య ట్యాగ్‌లా పెడితే చాలు.

నాకు బాగా నచ్చేది బిల్డ్ దగ్గర జరిగే పని. వీట్ అనే బిల్డ్ టూల్‌లో ఎండీఎక్స్ వాళ్ల రోలప్ ప్లగిన్ తగిలిస్తే ప్రతి ఎండీఎక్స్ ఫైలూ జావాస్క్రిప్ట్ మాడ్యూల్ అయిపోతుంది. బ్రౌజర్‌లో మార్క్‌డౌన్‌ని విప్పే పార్సర్ అక్కర్లేదు. (రియాక్ట్ ప్లగిన్ కంటే ముందు ఇదే నడవాలి, మర్చిపోకండి.)

రెండో వెర్షన్ నుంచి ఎండీఎక్స్‌కి పట్టింపు ఎక్కువైంది. మధ్యలో ఖాళీ లేకుండా "వడ్డీ <5 శాతం" అని రాశారా, బిల్డ్ ఆగిపోతుంది. ఆ గుర్తు చూడగానే ట్యాగ్ మొదలైందనుకుంటుంది మరి. ఫ్లవర్ బ్రాకెట్‌తోనూ అదే గొడవ. హెచ్‌టీఎంఎల్ కామెంట్లూ చెల్లవు. చాలామంది విసుక్కుంటారు గానీ, తప్పు పాఠకుడి దాకా వెళ్లకుండా బిల్డ్‌లోనే దొరకడం ఎంతో మేలు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎండీఎక్స్ ఫైలంటే కోడే. ఎవరో పంపిన రాతని అందులో పెట్టి కంపైల్ చేస్తే, వాళ్ల కోడ్‌ని మీ చేత్తో మీరే నడిపినట్టు. యూజర్లు రాసే చోట మామూలు మార్క్‌డౌనే వాడండి, అదీ శానిటైజ్ చేశాకే.