రైలు పాసుతో ఆల్ప్స్ కొండల్లో

ఆల్ప్స్ పర్వతాలు ఐరోపా ఖండం నడుమ విల్లులా వంగి, ఎనిమిది దేశాల్లో పరుచుకుని ఉన్నాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీ, స్లొవేనియాలతోపాటు మొనాకో, లీక్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశాలకు కూడా వాటిలో వాటా ఉంది. జూన్ నెలాఖరుకు ఎత్తైన దారుల మీద మంచు చాలావరకు కరిగిపోతుంది. అప్పటినుంచి సెప్టెంబరు దాకా ఆ కొండల్లో నడవడానికి ఎక్కడెక్కడివారో వస్తారు. వారిలో తాళ్ళు పట్టుకుని శిఖరాలెక్కేవారు తక్కువ. గట్టి బూట్లు తొడుక్కుని, సంచిలో ఒక వానకోటూ ఇంత తిండీ పెట్టుకుని, కొండ వాలున పడి నడిచిపోయేవారే ఎక్కువ.

నడవడానికి వెళ్ళేవారికి రైలు పాస్ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. తిరుమలకు అలిపిరి మెట్ల దారిన ఎక్కి, దిగేటప్పుడు బస్సెక్కే యాత్రికులు మనకు తెలుసు. కారును కొండ కింద నిలిపి నడిచినవాడు మళ్ళీ ఆ కారు దగ్గరికే రావాలి. రైలును నమ్ముకున్నవాడికి ఆ బాధ లేదు. ఒక స్టేషన్‌లో దిగి, ఓపిక ఉన్నంత దూరం నడిచి, ఇంకో స్టేషన్‌లో ఎక్కవచ్చు. అయితే ఓపిక ఎక్కడ అయిపోతుందో ముందుగా తెలియదు గదా! ఎక్కడ ఎక్కుతామో, ఎక్కడ దిగుతామో తెలియనివారికి టికెట్టుకన్నా పాస్ అనుకూలంగా ఉంటుంది.

2023 జూలైలో మా అక్కా నేనూ స్విట్జర్లాండ్ వెళ్ళాం. అక్క కొడుకు అక్కడ బెర్న్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కకు అప్పటికి 64 ఏళ్ళు. మోకాళ్ళు నొప్పి. డాక్టరు నడవమనీ అన్నాడు, ఎక్కువ నడవవద్దనీ అన్నాడు. ఆమెకు కొండలు చూడాలని ఉంది, నాకు కొండల్లో నడవాలని ఉంది. ఇలా వేర్వేరు కాళ్ళున్న ఇద్దరు ఎనిమిది రోజులు కలిసి తిరగడం ఎలా అన్నదే మా ముందున్న అసలు చిక్కు.

వెళ్ళిన రాత్రే మా మేనల్లుడు కాగితం, పెన్ను తీశాడు. ఆ దేశంలో నివసించనివారికి స్విస్ ట్రావెల్ పాస్ అని ఒకటి అమ్ముతారు. 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. అది ఉంటే రైళ్ళు, పల్లెలకు వెళ్ళే పసుపు రంగు పోస్టు బస్సులు, సరస్సుల మీద తిరిగే పడవలు, ఊళ్ళలోని ట్రాములు అన్నిటికీ వేరే టికెట్టు అక్కరలేదు. రెండవ తరగతిలో 8 రోజుల పాస్ ఆ ఏడాది 389 ఫ్రాంకులు. మరో పద్ధతి సగం ఛార్జీ కార్డు. ఆ ఏడాది దానికి 120 ఫ్రాంకులు కడితే నెల రోజులపాటు చాలావరకు టికెట్లు సగం ధరకే ఇచ్చేవారు. ఆ దేశస్థులు వాడేది ఎక్కువగా ఇలాంటి సగం ఛార్జీ కార్డే. వారి ఏడాది కార్డు 25 లక్షలకు పైగా జనం దగ్గర ఉంది. మా వాడి దగ్గరా అదే.

"మామయ్యా, ఏది లాభమో నువ్వే చెప్పు" అన్నాడు.

లెక్క కష్టమైనదేమీ కాదు. 389లోంచి 120 తీసేస్తే 269. దానికి రెట్టింపు 538. ఎనిమిది రోజుల్లో మనం చేసే ప్రయాణాల పూర్తి ఛార్జీలు 538 ఫ్రాంకులు దాటితే పాస్ లాభం, దాటకపోతే కార్డు లాభం. మా ప్రయాణాలు వరసగా రాసి కూడితే 538 దాటింది, కాని మరీ ఎక్కువేమీ దాటలేదు. ఒకే పల్లెలో బస చేసి, చుట్టుపక్కలే వారమంతా నడిచేవారికి ఈ పాస్ దండగ. అలాంటివారికి ఒక్కొక్క ప్రాంతానికి వేరే పాసులున్నాయి. నాలుగైదు దేశాలు తిరిగేవారికి 1959 నుంచి ఉన్న యూరైల్ పాస్ నయం. కాని దానితో కొండరైళ్ళలో చాలావాటికి రాయితీ మాత్రమే వస్తుంది. ఫ్రాన్స్, ఇటలీలలో వేగంగా పోయే రైళ్ళకు సీటు రిజర్వేషన్ రుసుము విడిగా కట్టాలి. పాస్ అనగానే అన్నీ ఉచితమని అనుకోకూడదు. మా పాస్‌తోనే ఐగర్ శిఖరం లోపలి సొరంగంలోంచి 3,454 మీటర్ల ఎత్తుకు వెళ్ళే యుంగ్‌ఫ్రా రైలుకు పావు వంతు తగ్గింపు తప్ప మరేమీ రాదు. మేము దాని జోలికి పోలేదు.

మొదటి రోజు రిగి కొండకు వెళ్ళాం. లూసెర్న్ దాకా రైలు, అక్కడినుంచి విట్స్‌నౌ దాకా పడవ, ఆపైన కొండరైలు. ఈ కొండరైలు పాస్‌లోనే వస్తుంది. రెండు పట్టాల మధ్య పళ్ళున్న మూడో పట్టా ఉంటుంది. ఇంజను అడుగున ఉన్న పళ్ళ చక్రం దాన్ని కరచుకుంటూ పైకి పాకుతుంది. నిక్లాస్ రిగెన్‌బాఖ్ అనే ఇంజనీరు 1871లో నడిపించిన ఈ రైలే ఐరోపాలో ఈ రకపు కొండరైళ్ళలో మొదటిది. అక్క దాన్ని చూడగానే "ఇది మన ఊటీ రైలే గదరా!" అంది. ఆ మాటలో నిజం ఉంది. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో మొదలైన నీలగిరి రైలుకు కూడా పళ్ళ పట్టా ఉంది. అది రోమన్ ఆబ్ట్ అనే మరో స్విస్ ఇంజనీరు పద్ధతి. ఆ దారిలో నడిచిన పాత ఆవిరి ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్ పట్టణంలో తయారైనవే. 1,798 మీటర్ల ఎత్తున్న శిఖరం నుంచి నేను గంటకు పైగా కిందికి నడిచాను. అక్క రెండు స్టేషన్ల కింద దిగి, నాకోసం బెంచీ మీద కూర్చుంది. ఇద్దరి ప్రయాణం ఎలా సాగాలో ఆ రోజే తెలిసింది.

ఆ దారుల గురించి కొంచెం చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో గుర్తులు పెట్టిన నడక దారులు దాదాపు 65,000 కిలోమీటర్లు ఉన్నాయి. ప్రతి కూడలిలోనూ పసుపు రంగు పలక ఉంటుంది. దాని మీద దూరం రాయరు. ఎంతసేపు పడుతుందో రాస్తారు. కొండల్లో దూరం చెప్పి లాభం లేదు గనక అదే సరైన పద్ధతి. పలక చివర తెలుపు, ఎరుపు, తెలుపు గీతలుంటే అది కొండదారి, జాగ్రత్తగా అడుగు వేయాలి. ఎరుపు బదులు నీలం ఉంటే మనలాంటివారు వెనక్కి తిరగడం మంచిది. పలక మీది సమయంలో కూర్చునే సమయం కలపరు. అది గంట అంటే అక్కకు గంటన్నర అని మేము లెక్క వేసుకున్నాం.

మూడో రోజు మ్యూరెన్ అనే ఊరికి వెళ్ళాం. కార్లు తిరగని ఊరది. ఇంటర్లాకెన్ నుంచి లౌటర్‌బ్రునెన్ వెళ్ళే రైలు దారిలో రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు ఒక లోయకు, మిగిలిన సగం గ్రిండెల్‌వాల్డ్ లోయకు పోతాయి. ఏ పెట్టెలో కూర్చున్నామో చూసుకోవాలి. లౌటర్‌బ్రునెన్ నుంచి రోప్‌వే మీద గ్రూట్షాల్ప్ అనే చోటికి ఎక్కితే, అక్కడినుంచి కొండ అంచున ఒక బుల్లి రైలు మ్యూరెన్‌కు పోతుంది. దాని పక్కనే నడక దారి, దాదాపు గంటన్నర. లోయకు అవతల ఐగర్, మెంఖ్, యుంగ్‌ఫ్రా శిఖరాలు మూడూ దారి పొడుగునా కనిపిస్తాయి. అక్క రైలెక్కింది, నేను నడక మొదలుపెట్టాను.

నడుమ వింటరెగ్ అనే చిన్న స్టేషన్ ఉంది. నేను అక్కడికి చేరేసరికి అక్క ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. మ్యూరెన్ దాకా పోవలసిన మనిషి అక్కడే దిగిపోయింది.

"ఒరేయ్, ఇక్కడినుంచి దారి చదునుగానే ఉందట. నేనూ వస్తాను" అంది.

"మోకాళ్ళో?"

"కాసేపు నడిచి చూస్తాను. కాకపోతే వెనక్కొచ్చి ఇక్కడే ఎక్కుతాను. టికెట్టు పోతుందన్న బాధ లేదుగా!"

పలక మీద ముప్పావు గంట ఉన్న ఆ దారికి మాకు గంటంబావు పట్టింది. దారిలో ఆవుల మెడ గంటలు వినిపిస్తుంటే ఆగింది. చిన్న వాగు మీది చెక్క వంతెన దగ్గర ఆగింది. మోకాలు పట్టుకుని కూడా రెండుసార్లు ఆగింది. వెనక్కి పోదామని మాత్రం అనలేదు. మ్యూరెన్‌లో తొట్టిలోకి పడుతున్న మంచినీళ్ళు సీసాలో పట్టుకుని, మేనల్లుడి ఇంట్లో చేసుకొచ్చిన పులిహోర తిన్నాం. "రేపు నాకు నడక లేదు" అంది అక్క, ఎంతో గొప్పగా.

ఆ మరునాడు బెర్న్‌లో వాన. పాస్ రోజులు వరసగా కరిగిపోయేవే. ఎనిమిదింట ఒక వంతు అంటే దాదాపు 49 ఫ్రాంకులు. ఇంట్లో కూర్చుంటే అవి పోయినట్లేనని నా మనసు పీకింది. పాస్‌లో ఉన్న చెడ్డగుణం ఇదే. కొన్న పాపానికి తిరుగు తిరుగు అంటుంది. నెలలో మనకు నచ్చిన రోజులు ఏరుకునే పాస్ కూడా ఉంది గాని దాని ధర ఎక్కువ. అక్క నా ముఖం చూసి, "కాళ్ళకు కూడా ఒకరోజు సెలవు కావాలిరా" అని టీ పెట్టింది. మేము ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆరో రోజు తూర్పు కొసకు, పొంట్రెసినాకు వెళ్ళి బస చేశాం. అక్కడినుంచి బెర్నినా రైలు ఇటలీలోని తిరానోకు పోతుంది. పళ్ళ పట్టా లేకుండానే 2,253 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగే రైలు ఇది. మన నీలగిరి రైలు 2005లోనూ, ఇది 2008లోనూ యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కాయి. పెద్ద అద్దాల ఎక్స్‌ప్రెస్ ఒకటి ఈ దారిలో నడుస్తుంది. దానికి పాస్ ఉన్నా సీటు రుసుము కట్టాలి. అవే పట్టాల మీద గంటగంటకూ మామూలు రైలు వస్తుంది, దానికి ఏమీ కట్టనక్కరలేదు. నడిచేవారికి మామూలు రైలే మేలు. చిన్న స్టేషన్లలోనూ దిగవచ్చు. చాలాచోట్ల మీట నొక్కితేనే ఆగుతుంది, అది గుర్తుంచుకుంటే చాలు.

ఏడో రోజు ఉదయం నేను ఒస్పిజియో బెర్నినాలో దిగాను. అక్క అదే రైల్లో పోస్కియావో ఊరికి సాగిపోయింది. నేను ఆల్ప్ గ్రూమ్ మీదుగా పోస్కియావో దాకా నడిచి ఆమెను కలుసుకోవాలి. కొండ నెత్తిన లాగో బియాంకో అనే సరస్సు ఉంది. పేరుకు తగ్గట్టు నీళ్ళు పాలు కలిపినట్లుంటాయి, మంచు అరగదీసిన రాతిపిండి వల్ల. దానికి ఆనుకునే మరో చిన్న నల్లని సరస్సు ఉంది. తెల్ల సరస్సు నీరు పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. నల్ల సరస్సు నీరు డాన్యూబ్ నదిలో కలిసి నల్ల సముద్రానికి పోతుంది. కాస్త మెరక అంతే రెంటికీ నడుమ.

ఆల్ప్ గ్రూమ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎదుటి మంచుకొండ మీద మబ్బు కమ్మి, ఉరుము వినిపించింది. ముందు ఇంకా దాదాపు మూడు గంటల దారి, చాలావరకు దిగుడు. వేసవి మధ్యాహ్నాల్లో ఆల్ప్స్‌లో పిడుగులు పడటం మామూలే. తడిసిన రాళ్ళ మీద దిగడం మంచిది కాదని తెలుసు. అయినా ఆశ పోదు. జేబులో పాస్ లేకుంటే రైలు దిగడానికి కొత్తగా టికెట్టు కొనాలి, నడిస్తే ఖర్చు లేదు. అప్పుడు మనిషి మబ్బును చూడడు, మిగిలే డబ్బును చూస్తాడు. నాకు ఆ బేరం లేకపోయింది. వచ్చిన రైలెక్కి కూర్చున్నాను. పది నిమిషాలకే కిటికీ అద్దాల మీద వాన కొరడాలతో కొట్టినట్లు కొట్టింది. పోస్కియావో స్టేషన్ చూరు కింద అక్క గొడుగు పట్టుకుని నిలబడి, వచ్చే రైలు వైపే చూస్తోంది. నన్ను చూశాక గాని గొడుగు ముడవలేదు.

"నీ సంగతి నాకు తెలుసు. టికెట్టు కొనాల్సి ఉంటే నడిచే వచ్చేవాడివి" అంది. నేను కాదనలేదు.

చివరి రోజు ఇద్దరం కలిసి నడిచాం. మోర్టెరాచ్ స్టేషన్ దగ్గర మొదలయ్యే ఆ దారి ముప్పావు గంటకు కాస్త పైన. ఎక్కుడు తక్కువ. నూరేళ్ళకు పైబడిన ఆ స్టేషన్ కట్టిన కాలంలో మోర్టెరాచ్ హిమానీనదం కొస దానికి చాలా దగ్గరగా ఉండేది. 19వ శతాబ్దం చివరి భాగం నుంచి ఏటేటా కొలుస్తున్నారు. అది దాదాపు 3 కిలోమీటర్లు వెనక్కిపోయింది. ఏ సంవత్సరంలో మంచు ఎంతదాకా ఉండేదో దారి పక్కన పలకలు నాటారు. తాతల కాలపు పలకలు దాటాం. మా చిన్ననాటి పలకల దగ్గర అక్క ఆగి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. మేనల్లుడు పుట్టిన కాలం, వాడు చదువుకున్న కాలం. ఆ తరవాతి పలకల మధ్య నడక ఇంకా ఎక్కువైంది. రెండు వైపులా బూడిదరంగు రాళ్ళు, వాటి సందుల్లో కొత్తగా మొలిచిన చిన్న చెట్లు. దారి ముగిసిన చోట నిలబడినా మంచు ఇంకా దూరంగానే, రాళ్ళ మట్టి కప్పుకుని ఉంది.

"ఇదంతా మంచేనా ఒకప్పుడు? మనం నడిచిందంతా?" అంది అక్క.

అవునన్నాను. ఆమె కాసేపు చూసి, ఒక రాయి మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంది. తిరిగి వచ్చేటప్పుడు పలకలు వెనకనుంచి ముందుకు చదువుతూ నడిచింది. మధ్యాహ్నం రైలు కోసం స్టేషన్‌లో మీట నొక్కాం. పాస్ మరునాటి తెల్లవారి 5 గంటల దాకా చెల్లుతుంది. ఆ రాత్రికే బెర్న్‌లో దిగాం.